గొల్లపల్లి లంసేన

భూషణానికి కాళ్ళు ఒకచోట ఆగవు. రాజమండ్రిలో అతన్ని ఎరిగిన వాళ్ళంతా ఒప్పుకునే మాట ఇది. చేతిలో పని ఉన్నంతసేపూ మనిషి బంగారం. పని అయిపోయిందంటే మాత్రం గుమ్మంలోకీ వీధిలోకీ పచార్లు మొదలుపెడతాడు. ఆరు నెలలు తిరక్కుండానే స్పానర్ల సంచి భుజాన వేసుకుని ఇంకో ఊరు చూసుకుంటాడు. ఇరవై ఆరేళ్ళొచ్చాయి. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయారు కాబట్టి ఎందుకురా ఈ తిరుగుడు అని అడిగే దిక్కు కూడా లేదు.

అలాంటివాణ్ణి కలప కాంట్రాక్టరు సీతారాములు ఏరికోరి బస్తరు సంస్థానంలోని గొల్లపల్లికి పంపించాడు. ఆయన మోటారు కారు అక్కడ పడి ఉంది. ఇద్దరు యజమానులు వాడి వదిలేసిన పాత బండి అది. గేరు మారిస్తే మూలిగేది, మార్చకపోతే ఏడ్చేది. చివరికి మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఫెళ్ళుమని చప్పుడు చేసి సోమారు అనే రైతు ఇంటి ముందు ఆగిపోయింది. ఎడ్లను కట్టించి దాన్ని సోమారు పశువుల కొట్టంలోకి లాగించి, సీతారాములు ఉసూరుమంటూ ఇల్లు చేరాడు. వానలు పడేలోగా కారు అడవి దాటి కోంటా చేరాలి. వాగులు పొంగాయంటే దసరా దాకా దారి మూసుకుపోయినట్టే.

భూషణం గోదావరి మీద లాంచీలో కూనవరం దాకా వచ్చాడు. అక్కణ్ణించి కోంటా, కోంటా నుంచి రెండు రోజులు ఎడ్లబండి. ఆ రెండు రోజుల్లో సగం దూరం బండి పక్కన నడిచే వచ్చాడు, కూర్చోలేక. గొల్లపల్లిలో బండి ఆగీ ఆగకముందే కొట్టంలోకి పోయి, కారు తలుపు తీసి, డ్రైవరు కాళ్ళ కింది చెక్కలు ఊడదీద్దామని లోపలికి చెయ్యి పెట్టాడు. గేర్‌బాక్సు ఆ చెక్కల కిందే ఉంటుంది. చెయ్యి చెక్కల దాకా పోనేలేదు. ఏదో అతని ముంజేతిని కసిగా పొడిచింది.

చూస్తే డ్రైవరు సీటు మీద గడ్డి పరుచుకుని కోడిపెట్ట పొదుగుతోంది. మెడమీద ఈకలు నిక్కబొడుచుకుని భూషణాన్ని ఒంటికంటితో చూస్తోంది.

"దాన్ని తాకకు," అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

కొట్టం గుంజకు ఆనుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. నడుం మీద ఇప్పపువ్వు గంప, కళ్ళలో బోలెడంత తీరిక. సోమారు కూతురు నందే. వాళ్ళింట్లో మాట్లాడుకునేది దోర్లీ అయినా కోంటా సంతలకు తిరిగిన పిల్ల కాబట్టి ఆమెకు తెలుగు బాగానే వచ్చు.

"ఇది కారమ్మా, కోళ్ళగూడు కాదు," అన్నాడు భూషణం ముంజెయ్యి రుద్దుకుంటూ.

"ఆ సంగతి నీకెరుక. కోడికి ఎవరు చెప్తరు?"

"ఇంకా ఎన్నాళ్ళు పొదుగుతుంది?"

"తొమ్మిది రోజులు. అందాక నీ పనేందో కింద చేసుకో. కింద శానా జాగా ఉంది."

ఆ మాటకు భూషణానికి ఒళ్ళు మండింది. రెండు రోజులు ఒళ్ళు హూనం చేసుకుని వస్తే కోడి దయకోసం కూర్చోవాలా అనుకున్నాడు. కానీ ఆ పిల్ల చూపులో కోడికన్నా మొండితనం కనిపించి, నోరుమూసుకుని కారు కిందికి దూరాడు.

అతను బయటికి వచ్చేసరికి సగం ఊరు కొట్టం ముందు పోగైంది. అందరికన్నా ముందు నందే నాయనమ్మ మాసే, చుట్ట కాలుస్తూ గొంతుక్కూర్చుని ఉంది. ముసలామె అతన్ని కింద నుంచి పైదాకా చూసి, దోర్లీ కలిసిన తెలుగులో, "లంసేనవా?" అని అడిగింది.

భూషణానికి ఆ మాట కొత్త. అయితే చేతిలో స్పానరు, ఒంటినిండా మసి, వెనక విరిగిన కారు ఉండగా ఎవరైనా అడిగేది ఒకటే కదా అనుకున్నాడు. మెకానిక్కును వీళ్ళు అలా అంటారు కాబోలు.

"అవును అవ్వా, లంసేననే," అన్నాడు.

జనంలో గుసగుస బయలుదేరింది. పని వచ్చా అని అడిగింది మాసే. ఊహ తెలిసినప్పటినుంచీ ఇదే పని అన్నాడు. ఇంతకుముందు ఎక్కడైనా చేశావా అని అడిగింది.

"ఎక్కడ చెయ్యలేదో అడుగు. రాజమండ్రిలో రెండుచోట్ల చేశాను. ఏలూరులో ఒకచోట, బెజవాడలో ఒకచోట."

ముసలామె నోట్లో చుట్ట అలాగే ఉండిపోయింది. "మరి ఎక్కడా నిలవలేదా?"

"ఆరు నెలలు దాటితే నా కాళ్ళు ఆగవు అవ్వా. చెప్పకుండా కూడా వచ్చేస్తాను ఒక్కోసారి."

ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నందే గబుక్కున గంపను మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇప్పపువ్వు వాసన చూస్తోందనుకున్నాడు భూషణం. ఇక్కడ కూడా అంతేనా అని మాసే గట్టిగా నిలదీసింది. పని పూర్తయ్యేదాకా ఈ ఇల్లు కదిలితే ఒట్టు అని భూషణం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. దాంతో ముసలామె లేచి లోపలికి పోయి, చెంబుతో నీళ్ళు తెచ్చి అతని కాళ్ళ ముందు పెట్టింది. మంచి మర్యాద తెలిసిన ఊరు అనుకుని అతను కాళ్ళు కడుక్కున్నాడు.

కోడి దిగేదాకా కింద చెయ్యగలిగిన పని ఒక్కటే, గేర్‌బాక్సు అడుగున ఉన్న నట్టు విప్పి ఆయిలు దించడం. విప్పి చూస్తే ఆయిలుతో పాటు రంపపు పొట్టు ముద్దలు ముద్దలుగా జారింది. గేర్ల ఏడుపు బయటికి వినపడకుండా పాత యజమానుల్లో ఎవరో పొట్టు కూరి, కలప కాంట్రాక్టరుకే అంటగట్టాడన్నమాట. ఆయిలును వేళ్ళ మధ్య నలిపి చూస్తే ఇనుప రజను తగిలింది. లోపల పళ్ళు పోయాయి. ఏ పళ్ళు పోయాయో తెలియాలంటే పైమూత తియ్యాలి, పైమూత మీద కోడి రాజ్యం చేస్తోంది.

చేతులు ఖాళీ అయ్యేసరికి భూషణానికి తోచలేదు. మొదటిరోజు కొట్టం పైకెక్కి గడ్డి సర్దాడు. రెండోరోజు వెదురు కొట్టుకొచ్చి పెరటికి కంచె అల్లాడు. మూడోరోజు సోమారు నాగలికర్రు వదులైందని గమనించి బిగించాడు. తరవాత కట్టెలు కొట్టాడు, నీళ్ళు మోశాడు. అతను ఏ పని చేసినా ఊళ్ళోవాళ్ళు ఆగి చూసి తలలాడించి పోయేవాళ్ళు. సోమారు మాటకారి కాదు. సాయంత్రం ఒకసారి కంచె చుట్టూ తిరిగి, ఒక వెదురు ఊపి చూసి, అది కదలకపోతే లోపలికి పోయేవాడు.

పదోరోజున కోడి తొమ్మిది పిల్లల్ని వెంటబెట్టుకుని, ఇక మీ కారు మీరు తీసుకోండి అన్నంత దర్జాగా దిగిపోయింది.

భూషణం వెనక చక్రాలు నేలకు తగలకుండా కారును దుంగల మీదికి ఎత్తాడు. గేర్‌బాక్సులోకి దించిన పాత ఆయిలునే వడకట్టి తాత్కాలికంగా పోసి ఇంజను తిప్పాడు. వెదురుకర్ర ఒక కొస గేర్‌బాక్సుకు, రెండో కొస చెవికి ఆనించుకుని విన్నాడు. కర్రలోంచి లోపలి చప్పుడు బాగా తెలుస్తుంది. రెండో గేరు వేసినప్పుడల్లా కటకటమంటోంది. నందే వచ్చి తనూ వింటానంది. ఇది ఆటబొమ్మ కాదన్నాడు. ఆ కర్ర మా వెదురే అంది. భూషణం కర్ర ఇచ్చాడు.

ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు వింది.

"రెండు చప్పుళ్ళున్నయి మేస్త్రీ," అంది. "ఒకటి పళ్ళది. ఇంకోటి దాని ఎనక. గింజ నలిగినట్టు."

భూషణం మళ్ళీ విన్నాడు. అతనికి ఒకటే వినిపించింది. కర్ర మీద ఆమె చెయ్యి తియ్యలేదు, అతను తియ్యమనలేదు. ఇద్దరి తలలూ జానెడు దూరంలో ఉన్నాయి. ఆమె జడలో నిన్నటి అడవిమల్లె వాసన ఉంది. అప్పుడు మాత్రం భూషణానికి రెండో చప్పుడు కూడా వినిపించింది, అయితే అది గేర్‌బాక్సులోది కాదు.

పైమూత విప్పితే ఆమె చెప్పిందే నిజమైంది. రెండో గేరుకు మూడు పళ్ళు ఊడిపోయాయి, దాని వెనక బేరింగులో ఒక గుండు చిట్లింది. ఆ గుండును పారెయ్యకుండా వదిలేసి ఉంటే పదిమైళ్ళ లోపే కొత్త గేరు కూడా పొట్టయ్యేది. పదేళ్ళుగా గేర్లతో కాపురం చేస్తున్నవాణ్ణి నాకు తెలియంది నీకెలా తెలిసింది అని అడిగాడు. రాత్రిపూట మా ధాన్యం గాదెలో ఎలుక ఎటు కొరుకుతోందో కూడా నాకు తెలుస్తుంది అంది నందే.

కొత్త గేరుకూ బేరింగుకూ రాజమండ్రి వర్క్‌షాపుకు ఉత్తరం వెళ్ళింది. అవి లాంచీలో, బండిలో చేరడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ భూషణం నిలవలేదు, కూర్చోలేదు. ఊడదీసిన గేర్లన్నీ కిరసనాయిల్లో కడిగి, చాప మీద విస్తరాకులు పరిచి వరసగా పెట్టాడు. నందే ఒక్కొక్కదాని పేరూ అడిగి నేర్చుకుంది. ఆమె వస్తే పని సాగేది కాదు. రాకపోతే అసలు పని ఎందుకనిపించేది. ఆమె ఇప్పగింజలు ఏరడానికి అడవికి పోయిన రోజున అతను ఊరి చివరిదాకా ఏడుసార్లు వెళ్ళి వచ్చాడు. ఎనిమిదోసారి మాసే ఎదురుపడి, పిల్ల పొద్దుగూకేలోపు వస్తుంది, కూర్చో లంసేనా అంది.

గేరు వచ్చింది, బేరింగు వచ్చింది, ఆయిలు రాలేదు. డబ్బా వచ్చింది గానీ దారిలో బండి కుదుపులకు అతుకు విడి, గేరు ఆయిలంతా అడవిదారికి పోసుకుంటూ వచ్చింది. అడుగున ఒక దోసెడు మిగిలింది. మళ్ళీ తెప్పించాలంటే ఇంకో మూడు వారాలు. పడమట మబ్బులు అప్పటికే రోజూ కమ్ముకుని విచ్చుకుపోతున్నాయి. చిక్కటిది కావాలి, వేడికి పలచబడనిది కావాలి అని భూషణం తనలో తను గొణుక్కుంటుంటే నందే లోపలికి పోయి కుండ ఎత్తుకొచ్చింది.

ఆముదం. చెంచాతో ఎత్తి వంచితే తీగలా సాగింది. భూషణం దాన్ని వేళ్ళతో నలిపి చూసి, ఇంకాసేపు కాచి చెమ్మంతా పోగొట్టి, గుడ్డలో వడకడితే ఒక ఏడాది దాకా ఢోకా లేదని తేల్చాడు. ఇద్దరూ కలిసి కాచారు, కలిసి వడకట్టారు. ఇంజను తిప్పి నాలుగు గేర్లూ ఒకదాని తరవాత ఒకటి వేస్తే మూలుగూ లేదు, ఏడుపూ లేదు. అతను నందేను పక్కన కూర్చోబెట్టుకుని వాగుదాకా పోయి వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు నాలుగు చినుకులు పడ్డాయి. ఆమె అరచెయ్యి బయటపెట్టి చినుకులు పట్టుకుంటుంటే అతను దారి చూడటం మానేసి కారును తుమ్మపొదలోకి ఎక్కించాడు.

"గేరు తప్పా?" అని అడిగింది నందే, తెలియనట్టు.

"డ్రైవరు తప్పు," అన్నాడు భూషణం.

మర్నాడే సీతారాములు దిగాడు. ఇరవై ఏళ్ళుగా బస్తరు అడవుల్లో తిరుగుతున్న మనిషికి ఇక్కడి మాటా మంచీ అన్నీ తెలుసు. కారును చూసి మురిసిపోయాడు. తరవాత ఊళ్ళోకి పోయి వచ్చి, భూషణాన్ని చూసి కొట్టం గుంజ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఏలూరులో ఒకటి, బెజవాడలో ఒకటి, రాజమండ్రిలో రెండా? ఊరంతా చెప్పుకుంటున్నారు నీ ఘనత. లంసేన అంటే ఏంటనుకున్నావురా నాయనా?"

"మెకానిక్కు కదండీ."

"నీ మొహం. పిల్లకు ఓలి డబ్బు ఇచ్చుకోలేని కుర్రాడు, పిల్లనిచ్చే మామ ఇంట్లో రెండేళ్ళో మూడేళ్ళో చాకిరీ చేసి ఆ పిల్లను చేసుకుంటాడు. వాడు లంసేన."

భూషణానికి నలభై రోజులూ ఒక్కసారిగా తిరిగి వచ్చాయి. మాసే పెట్టిన చెంబు నీళ్ళు, సోమారు ఊపి చూసిన వెదురు, తలలాడించిన జనం. చెవులు వేడెక్కాయి. సీతారాములు కళ్ళు తుడుచుకుని, సరేలే, రేపు పొద్దున్నే బయలుదేరదాం, రాజమండ్రిలో నాకు డ్రైవరుగా ఉండిపో అన్నాడు. బయటికి పోబోతూ ఆగి, పాపం ఆ పిల్లను మాత్రం లంసేన వదిలేసిపోయాడని అంటారు అని ఒక మాట అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నవ్వలేదు.

నందే కంచె దగ్గర ఉంది. భూషణం పోయి ఎదురుగా నిలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

ఏ సంగతని ఆమె అడగలేదు. "నువ్వు అడిగినవా? నలభై రోజులు ఆ మాట నెత్తినపెట్టుకుని తిరిగినవు. దీని అర్థమేందని ఒక్కనాడన్న అడిగినవా?"

"అయితే చాటున నవ్వుకున్నావన్నమాట."

"మొదటివారం నవ్వుకున్న." ఆమె కంచెలోంచి ఒక వెదురు పేడు లాగి, విరిచి, పారేసింది. "తరవాత చెప్తే పోతవని చెప్పలే."

ఇన్నేళ్ళుగా భూషణం ఎన్నో ఊళ్ళు వదిలాడు. అతను పోతాడేమోనని భయపడ్డ మనిషి ఒక్కరూ లేరు. అతనికి ఆ పిల్లంటే ఇష్టమని అప్పటికే తెలుసు. ఎంత ఇష్టమో ఆ ఒక్కమాటతో తెలిసింది.

"ఉండమంటావా?" అన్నాడు.

"నేననను. నీ కాళ్ళ సంగతి నువ్వే మా అవ్వకు చెప్పినవు. ఆరు నెలలకు పోయేటోడు ఇయ్యాలే పోతే మంచిది. ఊరు నాలుగు రోజులు అనుకుంటది, ఊకుంటది. అలవాటు పడినంక పోతే నేను ఊకోలేను."

ఆమె గంప తీసుకుని వెళ్ళిపోయింది. భూషణం ఆ రోజంతా కారును మూడుసార్లు తుడిచాడు. బిగించిన నట్లే మళ్ళీ బిగించాడు. మనసు ఎటు తిప్పినా పడని గేరులా ఉంది.

మర్నాడు పొద్దున కారు కొట్టం బయట ఉంది. ఆకాశం నల్లగా ఉంది. సోమారు, మాసే, ఊరి పెద్దలు ముత్తయ్య, బుధ్రాం వచ్చి నిలబడ్డారు. సీతారాములు త్వరపెడుతున్నాడు. భూషణం డ్రైవరు సీటు దాకా పోయి, వెనక్కి వచ్చి, సోమారు ముందు నిలబడ్డాడు. వచ్చిన దోర్లీ ముక్కలూ రాని ముక్కలకు తెలుగూ కలిపి, ఆ మాటకు అర్థం నాకు నిన్ననే తెలిసింది, తెలిసి చెబుతున్నాను, మూడేళ్ళు మీ ఇంట్లో ఉంటాను అన్నాడు.

మరి ఏలూరు సంగతేమిటని మాసే అడిగింది. అక్కడ బాగుచేసినవి బస్సులని సీతారాములు సర్దిచెప్పాడు. సోమారు కూతురివైపు చూశాడు.

"మూడేళ్ళు వద్దు," అంది నందే. "ఈ వానాకాలం ఉండు. దారి ఉండది, కారు ఉండది, నీ స్పానరుకు పని ఉండది. దసరాకు దారి తెరుస్తరు. అప్పుడు ఉంటే ఉంటవు. పోతే నేనే పంపిన్నని ఊళ్ళో చెప్పుకుంట."

సీతారాములు నిట్టూర్చి తనే డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఆయన గేరు మార్చినప్పుడల్లా గరగరమంది. నేలమీద నిలబడ్డ భూషణం ఎడమకాలు ప్రతిసారీ లేని క్లచ్చును తొక్కింది. చప్పుడు అడవిలో కలిసిపోయేదాకా నందే ఆ కాలునే చూస్తూ ఉంది. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది.

ఆ వాన నాలుగు నెలలు వదల్లేదు. భూషణం నాగలి పట్టడం నేర్చుకున్నాడు. మొదటి వారం ఎడ్లే అతన్ని దున్నించాయి. ఒళ్ళంతా బురద, చేతులనిండా బొబ్బలు. సోమారు చెప్పేది తక్కువ, మళ్ళీ చేయించేది ఎక్కువ. పనికి భూషణం జంకలేదు. పని లేని పూటలే చంపేవి. చూరులోంచి ధార, ముందు బురద, ఎటు చూసినా మూసుకుపోయిన దారి. అలాంటప్పుడు నెత్తిన ఆకుల గొడుగు వేసుకుని వాగుదాకా పోయేవాడు. వాగు ఎర్రగా, తాటిచెట్టు లోతున పోతుండేది. దాని అవతల కోంటా దారి.

ఆగస్టులో ఒకరోజు అలా నిలబడి ఉంటే నందే వచ్చి పక్కన నిలబడింది. లోతు చూస్తున్నావా అని అడిగింది. అబద్ధమాడదామనుకున్నాడు, మనసొప్పలేదు.

"కాళ్ళు లాగుతున్నాయి నందే."

ఆమె మొహం ఒక్కక్షణం చిన్నబోయింది. తరవాత తడిసిన జుట్టు పిండుకుంటూ, "లాగనీ. ఈసారి లాగినప్పుడు నన్ను కూడ పిలువు. ఇద్దరం పోయి ఇద్దరం తిరిగొద్దాం," అంది.

అప్పటినుంచి రోజూ ఇద్దరూ వాగుదాకా నడిచేవాళ్ళు. ఒక్క గొడుగు, ఇద్దరు మనుషులు, ఎవరి భుజమూ పూర్తిగా పొడిగా ఉండేది కాదు. భూషణం తను తిరిగిన ఊళ్ళ గురించి చెప్పేవాడు. నందే ఏ పిట్ట ఎందుకు అరుస్తోందో చెప్పేది. వెళ్ళేటప్పటికన్నా తిరిగి వచ్చేటప్పుడు నెమ్మదిగా నడుస్తున్నానని అతను గమనించేసరికి వాన తగ్గుముఖం పట్టింది.

వాగు దిగింది. దసరాకు ఇంకా మూడు రోజులుందనగా అడవిలోంచి కారు చప్పుడు వినిపించింది. భూషణం పొలంలో ఉన్నాడు, పరిగెత్తుకుంటూ వచ్చాడు. నందే పెరట్లోంచి కదల్లేదు.

సీతారాములు గేరు ఆయిలు కొత్త డబ్బా ఒళ్ళో పెట్టుకుని మరీ వచ్చాడు. భూషణం నట్టు విప్పి ఆముదం దించాడు, వేళ్ళతో నలిపాడు. రజను లేదు. మూత తీసి పళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూశాడు, కొత్త ఆయిలు పోసి బిగించాడు. ఒకసారి తిప్పి చూసి వస్తానని ఒక్కడే ఎక్కాడు.

వాగు దాటాడు. దారి ఆరి గట్టిగా ఉంది. మూడో గేరు, నాలుగో గేరు. చెట్లు వెనక్కి పోతున్నాయి. నాలుగు నెలలుగా లాగిన కాళ్ళకు ఇప్పుడు కావలసినంత దారి ఉంది. రెండు మైళ్ళు హాయిగా పోయాడు. మూడో మైలులో ఎక్కడో సన్నగా ఒక కిచకిచ వినిపించింది. "నందే, అదేంటి?" అన్నాడు పక్కకు తిరిగి. పక్కసీటు ఖాళీగా ఉంది. భూషణం కారు ఆపాడు. ఇంజను కూడా ఆపాడు. కిచకిచమంటున్నది చెట్టుమీద పిట్ట. దాని పేరేమిటో, ఎందుకు అరుస్తోందో ఆమె అయితే చెప్పేది. అక్కడే కారు తిప్పాడు.

అతను వచ్చేసరికి పెరట్లో స్పానర్ల సంచి సర్ది, మూతి బిగించి కట్టి, తయారుగా ఉంది. నందే దాని పక్కన నిలబడి ఉంది. ఏడ్చినట్టు లేదు, ఏడవకుండా ఉండటానికి కష్టపడినట్టు ఉంది.

"అన్నీ పెట్టిన. చిన్న సుత్తి కూడ," అంది.

భూషణం కారు తాళం తీసుకెళ్ళి సీతారాములు చేతిలో పెట్టాడు. తనకు పెద్దదిక్కు లేదనీ, పిల్లనడగడానికి తన తరఫున ఎవరో ఒకరు కూర్చోవాలనీ, ఆ కూర్చునేది తమరే కావాలనీ అడిగాడు. ఇరవై ఏళ్ళుగా అడవిని మానులుగా తప్ప చూడని కాంట్రాక్టరు చెప్పులు విప్పి, సోమారు వేసిన చాప మీద కూర్చుని, మా వాడికి మీ పిల్లనిమ్మని అడుగుతున్నాను అన్నాడు.

సోమారు తొందరపడలేదు. మాసే చుట్ట ఆర్పేసింది.

"నాలుగు నెలలు నా చేను దున్నినోణ్ణి నేనేం అడిగేది లేదు," అన్నాడు సోమారు. "దాన్ని అడుగు."

అందరూ నందేవైపు చూశారు. ఆమె సంచి అందుకుంది. తను కట్టిన ముడి తనకే రాలేదు. పంటితో కొరికి విప్పింది. సంచిని తలకిందులు చేసి ఒక్కసారి దులిపింది. స్పానర్లు, సుత్తి, పట్టకారు, చీలలు అన్నీ గలగలమంటూ పెరటినిండా పడ్డాయి. కోళ్ళు చెదిరిపోయాయి.

ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుంది.

"ఈ సంచి నాకు కావాలె," అంది. "కొర్రలు పోసుకుంట."